వాళ్ళకి ఫోన్ చేసింది ఎవరు?

“మీ ఇంట్లోంచి ఇమిగ్రేషన్ వాళ్ళకి ఫోన్ చేసింది ఎవరు?”

తిన్నారా అని అడగలేదు, ఎలా ఉన్నారని అడగలేదు. ఫోన్ ఎత్తగానే వీసా ఏజెంటు వాన్ అన్న మొదటి మాట అదే! స్పీకర్ ఆన్‌లో ఉంది. వలసొచ్చి స్థిరపడ్డ స్ప్రింగ్‌వేల్లో ఆ ఇంటి వంటగదిలో ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద చేపల పులుసు పొగలు కక్కుతోంది, చుట్టూ కూర్చున్న ముగ్గురి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

మియెన్ కడుపులో బిడ్డ కూడా విన్నట్టు గట్టిగా ఓ తన్ను తన్నింది.

“ఎవరూ చెయ్యలేదక్కా,” అంది కంగారుగా. “మీరు వద్దన్నారుగా. ఏదున్నా మీ ద్వారానే అన్నారుగా...”

“మరి నా ముందున్న ఉత్తరం దయ్యం రాయించిందా? విను. అబ్బాయి మామగారు వాళ్ళతో ఫోన్లో మాట్లాడారట. పెళ్ళి ఫోటో పోస్టులో పంపారట. మనమేమో కాబోయే భర్త అని రాశాం. పెళ్ళయిపోతే ఈ వీసా అతనికి రాదు, సంజాయిషీ ఇవ్వండి అంటున్నారు. మామగారట! మీ ఇంట్లో మామగార్లు ఎంతమందున్నారు?”

మియెన్ అమ్మ వైపు చూసింది. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న మాత్రం ప్రపంచంలో అంతకన్నా ముఖ్యమైన పని లేనట్టు అన్నం తినే పుల్లలతో చేప ముల్లు తీస్తున్నాడు.

“ఒక్కడే ఉన్నాడు,” అంది అమ్మ.

అవతల వాన్ నిట్టూర్పు స్పీకర్ని గరగరలాడించింది. “నేను బయల్దేరి వస్తున్నా. ఈలోగా ఎవరు ఫోన్ చేసినా నోరు విప్పకండి. నంబరు కనపడకుండా వచ్చే ఫోన్ అసలు ఎత్తొద్దు. వాళ్ళ ఫోన్లు అలాగే వస్తాయి. మీ నాన్నని మాత్రం ఫోన్ దగ్గరికి రానివ్వకండి.”

కట్.

ఫ్రిజ్ గుర్రుమంటోంది. అమ్మ లేచింది, తన గిన్నె సింకులో పడేసింది, వంటగది పక్క తలుపు తోసుకుని గరాజ్‌లోకి వెళ్ళింది. మరుక్షణం కుట్టు మిషన్ బర్రుమని మొదలైంది. అమ్మకి కోపం వస్తే అంతే, అరవదు, ఫ్యాక్టరీ వాళ్ళ చొక్కాల కాలర్లు కుడుతుంది. ఆ ఇంట్లో ఎన్ని కాలర్లు అలా కోపంతోనే తయారయ్యాయో!

“నువ్వేనా నాన్నా?”

“నేనే.” ముల్లు గిన్నె అంచున పెట్టాడు. “అయితే ఏంటి? దొంగతనం చేశానా?”

“ఎప్పుడు చేశావ్?”

“నువ్వు స్కానింగ్‌కి వెళ్ళొచ్చిన మర్నాడు. ప్రతి పిల్ల పక్కనా మొగుడు కూర్చుని ఉన్నాడు, నా పక్కన నా చేతిసంచి కూర్చుంది అని మీ అమ్మతో అన్నావే, నాకు వినపడలేదనుకున్నావు.”

మియెన్ నీళ్ళగ్లాసు అందుకుంది, తాగలేదు.

“వాళ్ళు దుబాసీని పెట్టారు,” నాన్న మెల్లిగా హుషారెక్కాడు. “ఉత్తరాది యాస! మనల్ని పడవెక్కి పారిపోయేలా చేసిన వాళ్ళ యాస. హనోయ్ పిల్ల. వినగానే ఫోన్ పెట్టేద్దామనుకున్నా. కానీ మంచిదే పాపం, పెద్దాయనా, కంగారు పడకుండా చెప్పండి అంది. ఆ ఏజెంటు ఏనాడైనా నాతో అలా అందా? ఎప్పుడు చేసినా ఒకటే మాట, ఫైలు నడుస్తోంది బాబాయ్, నడుస్తోంది బాబాయ్. నడిచి నడిచి ఎక్కడికి పోయిందే ఆ ఫైలు?”

“నాన్నా, నువ్వు ఏం చెప్పావో అది చెప్పు.”

“ఉన్నది చెప్పా. మా అమ్మాయికి పెళ్ళయింది, అల్లుడు పూలతోట వాడు, తాగడు, మనవడు వస్తున్నాడు, అల్లుణ్ణి తొందరగా పంపించండి అన్నా. పెళ్ళయిందా అని రెండోసారి అడిగారు. అవును బాబూ, భోజనాలకి ఊరు ఊరంతా వచ్చింది, పంది ఒక్కటే ఇద్దరు మోసుకొచ్చేంత ఉంది అన్నా.”

గరాజ్‌లో మిషన్ టక్కున ఆగింది. “పంది సంగతి కూడా చెప్పావా?”

“అడిగారు చెప్పా!”

“పంది గురించి ఎవరడిగారయ్యా నిన్ను!”

మిషన్ మళ్ళీ బర్రుమంది.

మియెన్‌కి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఎలా చెప్పాలి ఈయనకి? పోయిన ఏడాది చివర్లో స్వదేశంలో, సాదెక్‌లో, నాన్న అల్లుడు అంటున్న తోవాన్ వాళ్ళింట్లో జరిగిన వేడుక కళ్ళ ముందు మెదిలింది. ఎర్ర పట్టు అంగరఖా, తల మీద గుండ్రటి ఎర్ర పాగా, ఎర్ర గుడ్డలు కప్పిన పళ్ళేల్లో ఆకూ వక్కా, టీ, పళ్ళు. తోవాన్ వాళ్ళమ్మ తన చెవులకి బంగారు కమ్మలు పెట్టడం. తర్వాత ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఆ ఇంటి పెద్దల పటాలకి వంగి వంగి మొక్కడం. వాళ్ళవైపు అంతటితో పెళ్ళి అయిపోయినట్టే. ఆ రాత్రి నుంచి మియెన్ నాన్నని తోవాన్ మామయ్యా అనే పిలుస్తున్నాడు.

కానీ రిజిస్ట్రీలో సంతకాలు పెట్టలేదు. అక్కడ పెట్టాలంటే ఇక్కణ్ణుంచి బోలెడు కాగితాలు తేవాలి, అదో ఏడాది పని. అందుకే వాన్ ఈ దారి చెప్పింది. కాబోయే భర్తగా రప్పించుకో, వచ్చాక ఇక్కడే రిజిస్టర్ చేసుకో. ఆ వేడుకని నిశ్చితార్థం విందు అని రాద్దాం, చట్టం లెక్కలో అది అంతే అంది. మియెన్ సరే అంది, కింద సంతకం పెట్టింది.

“ఆ రోజుని మేం నిశ్చితార్థం అని రాశాం నాన్నా,” అంది చివరికి.

నాన్న చేతిలో పుల్లలు బల్ల మీద పెట్టేశాడు.

“ఏమని రాశారూ?”

“చట్టం ప్రకారం అది పెళ్ళి కాదు. సంతకాలు లేవుగా.”

“పెద్దల పటాల ముందు మొక్కారు. వాళ్ళమ్మ నీ చెవులకి కమ్మలు పెట్టింది. నేను ఆకూ వక్కా పుచ్చుకున్నా. అది పెళ్ళి కాకపోతే మరేంటి, పుట్టినరోజు పార్టీనా? కడుపులో ఉన్నవాడు నిశ్చితార్థానికి పుట్టాడా?”

“నాన్నా!”

“నాకెందుకు చెప్పలేదు అలా రాశారని?”

“నీకు చెబితే చేపల మార్కెట్ మొత్తానికి తెలుస్తుందని,” గరాజ్‌లోంచి అమ్మ.

నాన్న ఆ మాటకి ఉలుక్కోలేదు. నిజంగా దెబ్బ తగిలినప్పుడు ఆయన అలాగే ఉంటాడు, తోటలో మిరప మొక్కలకి కప్పిన ప్లాస్టిక్ పట్టా వైపు కిటికీలోంచి చూస్తూ. మియెన్ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు, అలాగని తిరిగి చూడనూ లేదు.

“దీవిలో శరణార్థుల క్యాంపులో ఉన్నప్పుడు,” అన్నాడు, “ఉత్తరాలు రాసిపెట్టేవాడు ఒకడుండేవాడు. సైన్యంలో పనిచేశానని చెప్పు, తొందరగా తీసుకుంటారు అన్నాడు నాతో. నేను చెప్పలేదు. ఆఫీసరు ముందు నిలబడి పడవ ఇంజన్లు బాగుచేస్తా, అంతకుమించి ఏం రాదు అన్నా. ఆయన నవ్వి ముద్ర కొట్టాడు. వాడు రాసిచ్చింది అప్పజెప్పిన వాళ్ళు మాత్రం నా తర్వాత ఎంతకాలమో అక్కడే పడున్నారు. మనిషికి మనిషి ఎదురుగా చెప్పుకుంటే వింటారే. మధ్యలో ఇంకో నోరు ఎందుకు?”

అమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది, మెడలో కొలత టేపు వేలాడుతోంది. “ఆ ఆఫీసరు ఇప్పటికి మనవలకి మనవల్ని ఎత్తుకుని ఉంటాడు. ఇప్పుడున్న వాళ్ళు నీ మొహం చూసి ముద్ర కొట్టరు, నువ్వు చెప్పింది ఫైల్లో రాసినదానితో కలిసిందా లేదా చూస్తారు. కలవలేదు. అబద్ధం చెప్పారని రాసుకుంటే మూడేళ్ళదాకా వాడు మళ్ళీ అడగడానికి కూడా ఉండదు. మూడేళ్ళు! మనవడు నడుస్తాడు, మాట్లాడతాడు, తండ్రిని ఫోన్లో చూసి ఎవరీ మామయ్య అంటాడు.”

మియెన్ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

అంతలోనే ఫోన్ మోగింది. అందరూ ఎగిరిపడ్డారు. తోవాన్. వీడియో.

తెరలో ముందు బంతిపూల వరసలు కనపడ్డాయి, తర్వాత నీళ్ళు, తర్వాత తోవాన్ మొహం. నీళ్ళ మీద మంచెలు కట్టి పెంచే మొక్కల మడుల మధ్య చిన్న పడవలో కూర్చున్నాడు, టోపీ వెనక్కి నెట్టి. “తిన్నావా? వాడు తిన్నాడా?” అన్నాడు కడుపు వైపు చూపిస్తూ.

“తోవాన్, నీకు ఎవరైనా ఫోన్ చేశారా? ఆఫీసు వాళ్ళు?”

“లేదే. ఏమైంది?”

మియెన్ గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. ఉత్తరం, ఫోన్, ఫోటో. చెబుతున్నంతసేపూ తోవాన్ మొహం మారుతూ వచ్చింది, కానీ ఆశ్చర్యపడ్డవాడి మొహంలా లేదది. మియెన్ ఆగిపోయింది.

“నీకు తెలుసు.”

తోవాన్ టోపీ ముందుకి లాక్కున్నాడు.

“తోవాన్! నీకు ముందే తెలుసు!”

“మామయ్య ఫోటో అడిగారు,” అన్నాడు తెడ్డుతో నీళ్ళని కెలుకుతూ. “మొక్కుతున్న ఫోటో. నేనే ప్రింటు తీయించి పంపా.”

మియెన్ నాన్న వైపు తిరిగింది. ఆయన పులుసు గిన్నెలో ఏదో వెతుకుతున్నాడు.

“నాకు ఒక్క మాట చెప్పలేదు. ఇద్దరూ కలిసి.”

“చెబితే వద్దంటావు. మా పక్క వీధి వాడి తమ్ముడు ఏజెంటుని పక్కనపెట్టి నేరుగా ఫోన్ చేస్తే వారంలో వీసా వచ్చిందంట మియెన్. ఇక్కడ అందరూ అదే అంటున్నారు. ఏజెంటు ఫైలు తొక్కిపట్టిందేమో అని...”

“పక్క వీధి వాడి తమ్ముడు! అందరికీ పక్క వీధి వాడి తమ్ముడే దొరుకుతాడు. వాణ్ణి ఎవరూ కళ్ళతో చూడరు!”

పడవ అటూ ఇటూ ఊగింది. తోవాన్ వెనక ఎవరో ఆడమనిషి ఏదో అంటోంది, వాళ్ళమ్మ గొంతే. మియెన్‌కి అరవాలనిపించింది, అతని భుజం మీద తల పెట్టాలనిపించింది, రెండూ ఒకేసారి. రెండూ కుదరవు, మధ్యలో సముద్రం ఉంది.

“సరే విను,” అంది గొంతు తగ్గించి. “వాళ్ళు నీకూ ఫోన్ చేస్తారు. అడిగితే అది నిశ్చితార్థం విందు అని చెప్పు. అంతే. ఇంకో ముక్క వద్దు.”

“మియెన్, అమ్మ పక్కనే ఉంటుంది. అమ్మ ముందు ఆ మాట ఎలా అనను? నీ చెవులకి కమ్మలు పెట్టింది ఆవిడ.”

“కావాలంటే పడవలో దూరంగా పోయి చెప్పు. నువ్వు నాకు ఇక్కడ కావాలి తోవాన్. పురిటి గదిలో నా పక్కన చేతిసంచి కూర్చోకూడదు. చెప్తావా చెప్పవా?”

తోవాన్ వాళ్ళమ్మ గొంతు వచ్చినవైపు తిరిగి చూశాడు. తెరలో నీళ్ళు కదులుతున్నాయి.

“చెప్తా,” అన్నాడు. “నువ్వు చెప్పమన్నావు కాబట్టి చెప్తా.”

పెట్టేశాడు. ఎప్పుడూ మియెనే ముందు పెట్టేది, ఈసారి అతను పెట్టేశాడు.

అమ్మ చల్లారిపోయిన పులుసు తీసుకెళ్ళి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. నాన్న లేచి వంటగది మూల తమ పెద్దల పటాల దగ్గరికి వెళ్ళాడు, నారింజపళ్ళు సర్దాడు, అగరువత్తి వెలిగించబోయి మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు. వాళ్ళ మొహాలు చూడ్డానికి ఆయనకే ఇబ్బందిగా ఉన్నట్టుంది.

మళ్ళీ ఫోన్. నంబరు లేదు.

“ఎత్తకు!” అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచే.

“ఎత్తవే!” అన్నాడు నాన్న.

మియెన్ తెర వైపు చూస్తూ ఉండిపోయింది. ఆఫీసు వాళ్ళ నంబరు కనపడదు, నిజమే. కానీ హాస్పిటల్ వాళ్ళదీ కనపడదు! మొన్న షుగర్ పరీక్ష చేశారు, ఎక్కువుంటే సెలవురోజైనా సరే వెంటనే ఫోన్ చేస్తాం అని నర్సు మరీ మరీ చెప్పింది. మోగుతోంది. ఇంకోసారి. ఆగిపోతే? బిడ్డకేమైనా అయితే? ఆలోచన పూర్తయ్యేలోపే వేలు పచ్చ గుర్తు మీదకి జారింది.

“మిస్ మియెన్ లూ?” ఆడ గొంతు. మెత్తగా ఉంది, తొందర లేదు. “హాస్పిటలా?” అని మియెన్ అడిగేలోపే ఆవిడ ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని చెప్పింది.

మియెన్ వీధి తలుపు వైపు చూసింది, వాన్ ఇంకా రాలేదు.

“ఆదివారం ఇబ్బంది పెడుతున్నందుకు సారీ. మీ నాన్నగారు ఈ నంబరు ఇచ్చారు,” అంది ఆఫీసరు. “మీకు ఏజెంటు ఉన్నారని నాకు తెలుసు. ఆవిడ లేకుండా మాట్లాడనంటే ఏం ఫరవాలేదు, మీ జవాబు ఆవిడ ద్వారా ఉత్తరంలో తీసుకుంటాం. కాస్త సమయం పడుతుంది. లేదంటే ఇప్పుడే రెండు మూడు ప్రశ్నలు అడుగుతా. మీ ఇష్టం.”

మీ ఇష్టం! ఇన్నాళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఈవిడే.

మియెన్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ తల అడ్డంగా ఊపుతోంది, రెండు చేతులతో కత్తిరించినట్టు చూపిస్తోంది, కట్ చెయ్, కట్ చెయ్. నాన్న పటాల ముందే నిలబడ్డాడు. వాన్ వచ్చేదాకా ఆగొచ్చు. వాన్ తెలివిగా రాస్తుంది. ఉత్తరం వెళ్తుంది, ఉత్తరం వస్తుంది, ఫైలు నడుస్తుంది. ఈలోగా పురుడు అయిపోతుంది.

“ఇప్పుడే మాట్లాడతా,” అంది.

అమ్మ కళ్ళు మూసుకుంది.

“థాంక్యూ. ఫోటోలో మీరిద్దరూ పటాల ముందు మొక్కుతున్నారు. ఆ కార్యక్రమం రిజిస్టర్ అయిందా?”

“లేదండీ. ఎక్కడా సంతకాలు పెట్టలేదు.”

“సరే. ఆ రోజు తర్వాత మీరిద్దరూ భార్యాభర్తలం అయ్యాం అనుకున్నారా?”

ఎంత చిన్న ప్రశ్న! జవాబు కూడా చిన్నదే, సిద్ధంగా ఉంది, నిశ్చితార్థం విందు. నాలుక చివర్నే ఉంది. మియెన్ తలెత్తింది, ఆ అబద్ధానికి ధైర్యం తెచ్చుకుందామని, సరిగ్గా అప్పుడే నాన్న మొహం కనపడింది. ఆయన ఏ సైగా చెయ్యట్లేదు. కూతురు ఏం చెప్పినా సరే అన్నట్టు ఊరికే చూస్తున్నాడు, అదే భరించలేకపోయింది.

“అనుకున్నాం,” అంది. “మా ఇళ్ళల్లో అందరూ అనుకున్నారు. చట్టం దృష్టిలో కాదని మాకు తెలుసు. అందుకే ఇక్కడికి వచ్చాక రిజిస్టర్ చేసుకుంటామని...”

అవతల టకటకా టైపు చేస్తున్న చప్పుడు. “ఒక్క నిమిషం లైన్లో ఉండండి,” అంది ఆఫీసరు. పియానో సంగీతం మొదలైంది.

వీధి తలుపు తీసిన చప్పుడు. వాన్! చెప్పులు గుమ్మంలో విడిచి, చంకలో సంచితో, రొప్పుతూ వంటగదిలోకి వచ్చేసింది. మియెన్ చెవి దగ్గరున్న ఫోన్ చూసింది, సంగీతం విన్నది, ఇంకేం అడగక్కర్లేకపోయింది.

“ఏం చెప్పావ్?”

“నిజం చెప్పానక్కా. పెళ్ళే అనుకున్నాం, కానీ రిజిస్టర్ కాలేదు అని.”

వాన్ అరుస్తుందనుకుంది మియెన్. అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది, మొహం తుడుచుకుంది. “నేనేం అబద్ధం చెప్పమనలేదు నిన్ను. మన ఆచారం తెలీని మనిషికి మన మాటల్లో చెబితే ఇంకోలా రాసుకుంటారు, అందుకే నా నోటితో చెప్పిద్దామనుకున్నా. సరే, ఇది సర్దొచ్చు. రిజిస్టర్ కాలేదన్నావు, అది బలమే. నువ్వొక్కదానివే చెప్పి ఉంటే సర్దొచ్చు. ఆ అబ్బాయి కూడా ఇదే చెబితే చాలు. వాడికేం చెప్పావ్?”

మియెన్ ఫోన్ని ఇంకో చెవికి మార్చుకుంది.

“మియెన్. వాడికేం చెప్పావ్?”

“నిశ్చితార్థం విందు అని చెప్పమన్నా,” అంది వినపడీ వినపడనట్టు. “ఇప్పుడే. మాట కూడా తీసుకున్నా.”

అప్పుడే సంగీతం ఆగింది.

“మిస్ లూ, ఉన్నారా? మా వాళ్ళు పక్క లైన్లో తోవాన్‌గారికి ఫోన్ చేస్తున్నారు. ఆయన్ని కూడా ఇదే అడుగుతారు. అది అయ్యేదాకా దయచేసి మీరు లైన్లోనే ఉండండి, ఆయనతో మాట్లాడొద్దు.”

“స... సరేనండీ.”

ఫోన్లో మాటలు బయటికి వినపడుతున్నాయి, నాన్నకి ఇంగ్లీషు సగమే తెలుసు, ఆ సగం చాలింది. చొక్కా జేబులోంచి తన ఫోన్ తీశాడు. తోవాన్ పేరు వెతికాడు. వాన్ ఒక్క ఉదుటున ఆయన మణికట్టు పట్టుకుంది.

“వద్దు బాబాయ్! ఇప్పుడు నువ్వు చేశావని తెలిస్తే ఇద్దరూ కూడబలుక్కున్నారని రాస్తారు. ఇంక ఎవరం ఏం చెయ్యలేం.”

“చెయ్యకపోతే వాడు నా కూతురికిచ్చిన మాట నిలబెట్టుకుంటాడు,” అన్నాడు నాన్న. “వాడు అలాంటివాడే.”

పొయ్యి మీద పులుసు పొంగి మంట మీద చుయ్యిమంది. అమ్మ కదల్లేదు. నాన్న బొటనవేలు ఆ పేరు మీద, తాకీ తాకకుండా ఆగి ఉంది. కూతురి వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఎవర్నీ అడక్కుండా చేసినవాడు ఇప్పుడు అడుగుతున్నాడు, చెప్పవే, చెయ్యనా వద్దా?

మియెన్ జవాబు చెప్పేలోపే చెవిలో ఆఫీసరు గొంతు.

“ఆయన ఫోన్ ఎత్తారు,” అంది.